కూల్‌డ్రింకూ శాకాహారమే

చక్కెర శాకాహారం. మైదా శాకాహారం. ఆ లెక్కన చిప్స్, కూల్‌డ్రింక్ కూడా శాకాహారమే. మాంసం ముక్క ముట్టకుండానే షుగరు, బీపీ, కొలెస్ట్రాల్ మూడూ తెచ్చుకోవచ్చు. అందుకే మొక్కల ఆహారం జబ్బులను ఆపుతుందా అని ఎవరైనా అడిగితే, ఏ మొక్క, ఏ రూపంలో అని నేను తిరిగి అడుగుతాను.

2016లో హార్వర్డ్ పరిశోధకులు సరిగ్గా ఇదే అడిగారు. అమెరికాలో రెండు లక్షల మందికి పైగా ఆరోగ్యరంగ ఉద్యోగులు ఏళ్ల తరబడి ఇచ్చిన తిండి వివరాలు తీసుకుని, మొక్కల ఆహారాన్ని రెండు కుప్పలు చేశారు. పొట్టు తీయని ధాన్యాలు, పప్పులు, గింజలు, కూరగాయలు, పళ్లు ఒకవైపు. తెల్లపిండి, తీపి పానీయాలు, మిఠాయిల వంటివి మరోవైపు. మొదటి కుప్పకు బాగా దగ్గరగా తిన్నవాళ్లలో టైప్ 2 మధుమేహం ముప్పు, దానికి బాగా దూరంగా ఉన్నవాళ్లకన్నా 34 శాతం తక్కువ. రెండో కుప్ప మీద ఆధారపడినవాళ్లలో ముప్పు తగ్గకపోగా పెరిగింది. ఇలాంటి పరిశీలనలు కారణాన్ని పూర్తిగా తేల్చలేవు. మంచి తిండి తినేవాళ్లు నడక లాంటివి కూడా చేస్తుంటారు కదా. అయినా రెండూ మొక్కలే అయినప్పుడు ఇంత తేడా ఎందుకొచ్చిందో ఆలోచించాలి.

చాలావరకు పీచు దగ్గరే ఆ తేడా ఉంది. పీచును అరిగించే ఎంజైములు మనకు లేవు, దాని గొప్పతనమే అది. కాలేయం కొలెస్ట్రాల్‌తో పిత్త ఆమ్లాలు తయారుచేసి, కొవ్వు అరగడానికి పేగులోకి వదులుతుంది. పని అయ్యాక వాటిలో సుమారు 95 శాతాన్ని శరీరం వెనక్కి పీల్చుకుని మళ్లీ వాడుకుంటుంది. మహా పిసినారి వ్యవహారం! ఓట్స్, బార్లీ, చిక్కుడు జాతి గింజల్లోని జిగురు పీచు ఈ ఆమ్లాల్లో కొన్నిటిని పట్టుకుని మలంతో బయటికి పంపేస్తుంది. ఆ లోటు పూడ్చుకోడానికి కాలేయం రక్తంలోంచి ఎల్‌డీఎల్ కొలెస్ట్రాల్‌ని, అంటే చెడు కొలెస్ట్రాల్‌ని, లాక్కోక తప్పదు. మిగిలిన పీచులో కొంత పెద్దపేగులోని బ్యాక్టీరియాకు మేత. అవి దాన్ని పులియబెట్టి బ్యూటిరేట్ లాంటి ఆమ్లాలు చేస్తాయి. పేగు గోడ కణాలకు ముఖ్యమైన ఇంధనం అదే.

ఇలాంటి తిండి బలమెంతో 2003లో టొరంటోలో డేవిడ్ జెన్కిన్స్ బృందం చూసింది. కొలెస్ట్రాల్ ఎక్కువున్న 46 మందిని మూడు జట్లు చేశారు. జిగురు పీచు, సోయా, బాదం, మొక్కల స్టెరాల్స్ (కొలెస్ట్రాల్‌ను పోలిన మొక్కల పదార్థాలు) కలిపిన తిండి తిన్న జట్టుకు నెలలో ఎల్‌డీఎల్ 28.6 శాతం తగ్గింది. కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్ర వేసుకున్న జట్టుకు 30.9 శాతం. కొవ్వు మాత్రమే తగ్గించిన జట్టుకు 8 శాతం. ఇక్కడ సంబరపడి మాత్రలు పారేయకండి. ఆ తిండిలో చాలావరకు పరిశోధకులే అందించారు. సలహా మాత్రమే ఇచ్చి, ఎవరి వంట వాళ్లే చేసుకోమన్నాక 2011 నాటి అధ్యయనంలో ఆరు నెలలకు తగ్గింది సుమారు 13 శాతమే. నా దృష్టిలో ఈ రెండో అంకే ఎక్కువ నమ్మదగ్గది, ఎందుకంటే మనమంతా తినేది ఇంట్లోనే.

పీచు ఒక్కసారిగా పెంచితే కడుపు ఉబ్బరం తప్పదు. కొద్దికొద్దిగా పెంచుతూ నీళ్లు బాగా తాగాలి. మందులు వాడేవాళ్లు మాత్రం డాక్టరుతో ముందే మాట్లాడాలి. తిండి మారితే ఇన్సులిన్ మోతాదు ఎక్కువై షుగరు ప్రమాదకరంగా పడిపోవచ్చు. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడేవాళ్లు ఆకుకూరలు హఠాత్తుగా పెంచితే అందులోని విటమిన్ కె ఆ మందు పనికి అడ్డుపడుతుంది. కిడ్నీలు దెబ్బతిన్నవాళ్లకు కూరగాయలు, పళ్లలోని పొటాషియం లెక్క వేరే ఉంటుంది.

ఇంకొకటి విటమిన్ బి12. దాన్ని తయారుచేసేది బ్యాక్టీరియా, మొక్కలు కావు. పాలు, గుడ్లు కూడా పూర్తిగా మానేసినవాళ్లు మాత్ర రూపంలోనో, బి12 కలిపిన ఆహారంలోనో తీసుకోవాల్సిందే. పెద్దవాళ్లకు రోజుకు కావాల్సింది 2.4 మైక్రోగ్రాములే. కానీ కాలేయంలో నిల్వ ఏళ్ల తరబడి సరిపోతుంది కాబట్టి లోటు చాలా ఆలస్యంగా బయటపడుతుంది. పైగా షుగరుకు వాడే మెట్‌ఫార్మిన్ కూడా బి12ను తగ్గిస్తుంది. అరికాళ్లు తిమ్మిరెక్కితే షుగరు వల్లే అనుకుని వదిలేస్తుంటారు. అది బి12 లోటేమో రక్తపరీక్షలో తెలిసిపోతుంది.