చిరివేరు: కోస్తా ఇసుకలో పుట్టిన ఎరుపు

బందరు దగ్గరి పెడన కలంకారీ కార్ఖానాల్లో బట్టకు ఎరుపు ఎక్కేది అచ్చు వేసేటప్పుడు కాదు, ఉడికించేటప్పుడు. పటిక కలిపిన బంకతో అచ్చు కొడతారు. ఆరబెట్టి, ఉతికి, పెద్ద రాగి కాగులో వేసి పొయ్యి రాజేస్తారు. పటిక తగిలినచోటే ఎరుపు పట్టుకుంటుంది, తగలనిచోట నిలవదు. ఆ కాగు నీళ్లలో జాజి ఆకు, సురుడు చెక్క ఉంటాయి. వాటితో పాటు చాలా కార్ఖానాల్లో అలిజరిన్ పొడి కూడా పడుతుంది. అది చెట్టు నుంచి వచ్చింది కాదు, రసాయన కర్మాగారం నుంచి వచ్చింది. కొట్లోకి చేరేసరికి ఆ దుప్పటి మీద ‘సహజ రంగులు’ అన్న చీటీ ఉంటుంది.

కొన్నేళ్లుగా ఈ చీటీ మీద తగువు నడుస్తోంది. కొన్నవాళ్లు మోసపోయామంటారు. అద్దకంవాళ్లు, స్క్రీన్ ప్రింటు నకిలీలు వచ్చి మా పొట్ట కొడుతుంటే మీరు మా కాగులోకి తొంగి చూస్తారేమని అడుగుతారు. రెండు మాటల్లోనూ న్యాయముంది. అసలు ఆ కాగులో ఒకప్పుడు ఏముండేదో, అది ఎందుకు పోయిందో తెలిస్తే తప్ప ఈ తగువు అర్థం కాదు. అందులో ఉండేది చిరివేరు.

చిరివేరు మొక్కను చూసి ఎవరూ ఆగరు. జానెడు ఎత్తు, సన్నని ఆకులు, తెల్లని చిన్న పూలు. వృక్షశాస్త్రంలో దాని పేరు ఓల్డెన్‌లాండియా అంబెలాటా. కాఫీ, మంజిష్ఠ చెట్టూచేమలున్న కుటుంబమే దానిదీ. దాని సొత్తంతా నేల కింద ఉంటుంది. సముద్రం ఒడ్డున వదులు ఇసుకలోకి సన్నని తీగల్లా వేళ్లు లోతుగా దిగుతాయి. ఆ వేళ్ల బెరడులో ఎరుపు ఉంటుంది. కృష్ణా ముఖద్వారాల దగ్గర నుంచి కిందికి, తమిళ తీరం మీదుగా సింహళం దాకా ఇది సొంత గడ్డ మొక్క. విత్తనాలు దుమ్ములాగా ఉంటాయి. దీన్ని మళ్లు కట్టి పండించినవాళ్లూ ఉన్నారు. కానీ ఇసుకలో దానంతటది మొలిచిన వేరుకే రంగు ఎక్కువని అద్దకంవాళ్లు దాన్నే కోరేవాళ్లు.

ఎందుకలా అన్నది ఆనాటి వాళ్లు నేల గుణం, నీటి గుణం అని చెప్పుకున్నారు. నేటి రసాయన శాస్త్రం వాళ్లను సమర్థిస్తోంది. చిరివేరులో ఉండే ఎరుపు పదార్థం అలిజరిన్. అది పటికలోని అల్యూమినియంతో కలిసి నూలును పట్టుకోవాలి. ఆ పట్టు గట్టిపడి, ఎరుపు నిగ్గు తేలాలంటే సున్నపు అంశం తోడు కావాలి. గవ్వలు, ఆల్చిప్పలు అరిగి కలిసిన కోస్తా ఇసుకలో సున్నానికి కరువు లేదు. పైగా యూరప్ వాళ్లు వాడిన మంజిష్ఠ జాతి వేరులో అలిజరిన్‌తో పాటు పర్పురిన్ అనే మరో రంగు కూడా ఉంటుంది. చిరివేరులో అది లేదు. కోరమాండల్ అని విదేశీయులు పిలిచిన మన తూర్పు తీరపు ఎరుపును యూరప్ అద్దకంవాళ్లు అంత తేలిగ్గా దింపలేకపోవడానికి ఇదొక కారణం.

అయితే వేరు ఒక్కటే దొరికినంత మాత్రాన బట్ట ఎర్రబడదు. నేను అన్నిటికంటే ఎక్కువగా ఆశ్చర్యపోయేది ఇక్కడే. ముందు గుడ్డలోని గంజి పోగొట్టాలి. పేడ నీళ్లలో నానబెట్టి, ఎండలో పరిచి, నీళ్లు చిలకరిస్తూ తెలుపు చెయ్యాలి. తర్వాత కరక్కాయ పొడి గేదెపాలలో కలిపి బట్టకు పట్టించాలి. కరక్కాయ వగరు లోహపు ఉప్పుల్ని పట్టి ఉంచుతుంది. పాలలోని కొవ్వు, గీసిన గీత చెదిరి పక్కకు పాకకుండా ఆపుతుంది. పాతబడిన తుప్పు ఇనుము, బెల్లం నీళ్లలో రోజుల తరబడి ఊరబెట్టి తీసిన కసిం ద్రావణం కరక్కాయ తగలగానే నల్లబడుతుంది. అది అంచుగీతలకు. పటిక ఎరుపుకు. ఆ తర్వాత పారే నీళ్లలో జాడించి, చిరివేరు పొడి వేసి ఉడికించేవాళ్లు. నీలం కావాల్సిన చోటు వదిలి మిగతాదంతా మైనంతో కప్పి నీలిమందు తొట్టెలో ముంచేవాళ్లు. మళ్లీ ఉతుకు, మళ్లీ ఎండ. ఏ మెట్టులో తొందరపడినా ముందు చేసిందంతా వృథా. ఈ వరస ఏ పుస్తకంలోనూ రాసి పెట్టింది కాదు. తండ్రి చేతి నుంచి కొడుకు చేతికి, అత్త చేతి నుంచి కోడలి చేతికి వచ్చింది.

ఆ బట్టల కోసమే ఓడలు వచ్చాయి. గోల్కొండ కుతుబ్‌షాహీల కాలంలో బందరు రేవు నుంచి అచ్చుబట్టలు పారశీకానికి, అరబ్బు రేవులకు వెళ్లేవి. తూర్పున జావా, సుమత్రా, మలక్కు దీవుల్లో మిరియాలు, లవంగాలు, జాజికాయ కొనాలంటే అక్కడివాళ్లు కోరింది కోరమాండల్ బట్టలనే. మసాలాల కోసం బయల్దేరిన డచ్చివాళ్లు ముందు మన తీరాన దిగింది అందుకే. 1605లో బందరులో, 1606లో పెద్దపల్లిలో వాళ్లు వర్తకశాలలు పెట్టారు. ఈ పెద్దపల్లి కరీంనగర్ వైపుది కాదు. ఇప్పుడు బాపట్ల జిల్లాలో ఉన్న నిజాంపట్నం పాత పేరది. విదేశీయుల రాతల్లో పెటపోలి అని కనిపిస్తుంది. 1611లో ఇంగ్లీషు వాళ్ల గ్లోబ్ అనే ఓడ కూడా వచ్చి ఈ రెండు రేవుల్లో ఆగింది.

ఆ తర్వాత కొన్నేళ్లకు బందరులో ఇంగ్లీషు కంపెనీ పనులు చూసిన విలియం మెథ్‌వొల్డ్ ఈ వేరు గురించి స్పష్టంగా రాసి పెట్టాడు. ఈ తీరపు చిత్రపు బట్టలు ఎంత ఉతికినా, బట్ట చిరిగేదాకా రంగు పోదనీ, దానికి కారణం ఈ దేశంలోనే పెరిగే ఒక మొక్క అనీ, అది రాజుగారి సొంత సరుకు అనీ చెప్పాడు. చివరి మాట గమనించాలి. ఇసుకలో దానంతటది పెరిగే మొక్క అప్పటికే రాజు గుత్త అయింది. దక్షిణాన జాఫ్నా, మన్నారు ప్రాంతాల్లో డచ్చివాళ్లు, వాళ్ల తర్వాత ఇంగ్లీషు వాళ్లు కూడా ఈ వేరు తవ్వకాన్ని సర్కారు చేతిలోనే పెట్టుకున్నారు. ఎండలో ఇసుక తవ్వి, తెగకుండా ఆ సన్నని వేళ్లను బయటికి లాగినవాళ్ల పేర్లు మాత్రం ఏ లెక్కల పుస్తకంలోనూ లేవు. వేరు తూకం ఉంది, ధర ఉంది, గుత్తదారు ఉన్నాడు. తవ్వినవాళ్లు లేరు.

పదిహేడో శతాబ్దం ముగిసేసరికి ఈ బట్టలు యూరప్‌లో ఎంత ప్రాకాయంటే అక్కడి నేతగాళ్లు వీధికెక్కారు. ఫ్రాన్స్ 1686లో అచ్చుబట్టల్ని నిషేధించింది. ఆ నిషేధం 1759 దాకా నడిచింది. ఇంగ్లండు 1700లో ఒక చట్టం, 1721లో మరింత గట్టి చట్టం చేసింది. 1719లో లండన్ వీధుల్లో ఈ బట్టలు కట్టుకున్న ఆడవాళ్ల మీద పడి నేతగాళ్లు బట్టలు చింపారు. మన దగ్గర జానెడు మొక్క వేరు అక్కడ శాసనసభల్ని కదిపింది.

నిషేధం పెట్టినవాళ్లు ఊరుకోలేదు, నేర్చుకోవడం మొదలుపెట్టారు. 1734లో పుదుచ్చేరిలో బోల్యూ అనే ఫ్రెంచి నౌకాధికారి అద్దకంవాళ్ల పక్కన కూర్చుని, ఒక్కో మెట్టు దాటగానే బట్టలో ఒక ముక్క కత్తిరించి, చీటీ అంటించి పారిస్ పంపాడు. ఆ ముక్కలు ఇప్పటికీ అక్కడ భద్రంగా ఉన్నాయి. 1742లో ఫాదర్ కూర్దూ అనే జెస్యూట్ పూజారి ఈ విధానమంతా ఒక లేఖగా రాశాడు. తన దగ్గర మతం పుచ్చుకున్న అద్దకంవాళ్లను అడిగి రాబట్టానని ఆయనే చెప్పుకున్నాడు. ఈ కూర్దూ తెలుగు నేర్చినవాడు. సంస్కృతానికీ లాటిన్, గ్రీకు భాషలకూ చుట్టరికం ఉందని 1767లోనే ఫ్రాన్సుకు రాసిన పండితుడు. అంతటి మనిషి మీద గౌరవం ఉంచుకుంటూనే ఒక మాట అనాలి. ఒక వంశం తన పిల్లలకు తప్ప చెప్పని పని గుట్టును ఒక గురువు తన శిష్యుల నోట చెప్పించి పైదేశానికి పంపాడు. దానికి ఆ అద్దకంవాళ్లకు ముట్టిందేమీ లేదు. 1759లో నిషేధం తీసేశాక, మరుసటేడే పారిస్ దగ్గర జుయీలో ఓబర్‌కాంఫ్ అచ్చుబట్టల కర్మాగారం తెరిచాడు.

తెలుగు నేల మీదే కూర్చుని ఈ పని చేసినవాడు విలియం రాక్స్‌బర్గ్. కంపెనీ వైద్యుడిగా వచ్చి సామర్లకోటలో ఏళ్ల తరబడి ఉన్నాడు. మొక్కల్ని సేకరించి, ఇక్కడి చిత్రకారుల చేత బొమ్మలు గీయించి లండన్ పంపితే, కోరమాండల్ మొక్కల మీద పెద్ద పుస్తకంగా 1795 నుంచి అచ్చయ్యాయి. మొదటి సంపుటంలోనే చిరివేరు ఉంది, దాని అద్దకం విధానంతో సహా. ఆ బొమ్మలో వేరు ఎరుపు ఎంత జాగ్రత్తగా వేశారో చూస్తే గీసిన చిత్రకారుడికి ఈ మొక్క కొత్త కాదనిపిస్తుంది. ఆయన పేరూ మనకు దక్కలేదు.

ఆ తర్వాతి దెబ్బ ఇసుక మీద పడలేదు, బెర్లిన్ ప్రయోగశాలలో పడింది. 1868లో గ్రేబే, లీబర్‌మాన్ అనే ఇద్దరు రసాయన శాస్త్రజ్ఞులు బొగ్గు తారు నుంచి తీసిన ఆంత్రసీన్ అనే పదార్థంతో అలిజరిన్ తయారుచేశారు. మొక్కలోని రంగును మనిషి ప్రయోగశాలలో పూర్తిగా తయారుచేయడం అదే మొదలు. 1869 జూన్‌లో జర్మనీకి చెందిన బీఏఎస్‌ఎఫ్ కంపెనీ, ఇంగ్లండులో పెర్కిన్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు ఒక్క రోజు తేడాతో పేటెంటుకు దరఖాస్తు పెట్టారు. పదేళ్లు తిరక్కుండానే ఫ్రాన్సులో, హాలండులో మంజిష్ఠ చేలు మూతబడ్డాయి. పొడి మన ఊళ్లకూ వచ్చింది. గంపల కొద్దీ వేరు తవ్వి, ఎండబెట్టి, దంచి, రోజుల తరబడి ఉడికించేచోట చారెడు పొడి సరిపోయింది. చీరాల తేలియా రుమాళ్ల ఎరుపు కూడా ఈ పొడికే మారింది. అప్పటికే మాంచెస్టరు మిల్లు గుడ్డ అద్దకంవాళ్ల బేరాల్ని తినేసింది. 1864 నవంబరు 1న వచ్చిన ఉప్పెన బందరులో దాదాపు ముప్పై వేల మందిని పొట్టన పెట్టుకుంది. కూలిన ఊళ్లో, తగ్గిన బేరంతో, చవక పొడి కొన్న అద్దకంవాడిని తప్పుపట్టే హక్కు మనలో ఎవరికీ లేదు.

ఇక్కడొక చిక్కుంది. కర్మాగారపు అలిజరిన్, చిరివేరులోని అలిజరిన్ రసాయనపరంగా ఒకటే. అందుకే పెడనలో ‘మాది పాత రంగే’ అనేవాళ్ల మాట పూర్తిగా అబద్ధం కాదు. కానీ వేరులో అలిజరిన్ ఒక్కటే ఉండదు. దాని దగ్గరి చుట్టాలైన మరికొన్ని రంగులు కూడా ఉంటాయి. పాత బట్టల ఎరుపులో కనిపించే లోతు ఆ కలయికదే. అంతకంటే ముఖ్యం, వేరు వాడినన్నాళ్లూ ఎరుపుకు ఒక తీరం, ఒక ఇసుక, తవ్వే చేతులు అవసరమయ్యాయి. పొడి వచ్చాక అవేవీ అక్కర్లేకపోయాయి. వాడకం పోయిన మొక్కను కాపాడాలన్న ఆలోచన ఎవరికి వస్తుంది? ఇసుక దిబ్బల మీద సరుగుడు తోటలు లేచాయి. 1990ల నుంచి కృష్ణా, నెల్లూరు తీరాల్లో రొయ్యల చెరువులు తవ్వారు. దిబ్బల్ని చదును చేసి ఇసుకను లారీలకెత్తారు. చిరివేరు అంతరించిపోలేదు. తీరం వెంట అక్కడక్కడ ఇంకా మొలుస్తోంది. తమిళ సిద్ధవైద్యులు ఇంపూరల్ పేరుతో దాన్ని దగ్గుకు, నెత్తురు కక్కే జబ్బుకు ఇప్పటికీ వాడుతున్నారు. అక్కడ మందుగా దానికి పేరుంది, గిరాకీ ఉంది. ఇక్కడ, దాని రంగుతో ప్రపంచాన్ని తిప్పుకున్న తీరంలో, చూపిస్తే పేరు చెప్పగలిగేవాళ్లు కొద్దిమందే.

కలంకారీ బతికి బట్టకట్టింది కమలాదేవి ఛటోపాధ్యాయ వంటివాళ్ల పుణ్యాన. 1950లలో శ్రీకాళహస్తిలో శిక్షణ కేంద్రం పెట్టించి చేతిపనిని నిలబెట్టారు. అక్కడ మంజిష్ఠ, సురుడు చెక్క వంటివి కాగులోకి వచ్చాయి. చిరివేరు మాత్రం రాలేదు. అప్పటికే దాన్ని తవ్వి, ఎండబెట్టి, సంతకు తెచ్చే వరస తెగిపోయింది. తర్వాత కలంకారీకి భౌగోళిక గుర్తింపులు (జీఐ) వచ్చాయి. అవి ఊరికీ పని విధానానికీ కాపుగా ఉన్నాయి. ఆ ఊరి ఇసుకలో పుట్టిన మొక్కకు ఏ కాపూ లేదు.

వేరు వాడితే బట్ట ధర పెరుగుతుంది, కొనేవాళ్లుండరు అంటారు. ఇప్పుడున్న లెక్కలో అది నిజం. అందుకే ఈ బరువును పెడన అద్దకంవాళ్ల నెత్తిన పెట్టడం నాకు అన్యాయంగా కనిపిస్తుంది. చీటీ మీద ఉన్నదున్నట్టు రాయమని అడగడం వేరు. అలిజరిన్ వాడితే అలిజరిన్ అనే రాయాలి, అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. చిరివేరును వెనక్కి తేవడం మాత్రం సర్కారు పని, ఉద్యాన, అటవీ శాఖల పని, చేనేత శాఖ పని. బాపట్ల, కృష్ణా తీరాల్లో ఇంకా చదును కాని దిబ్బల్లో కొంత మేర దీనికి వదలాలి. విత్తనం సేకరించి, ఊరి ఆడవాళ్ల సంఘాలకు మళ్లు కట్టించి, వేరుకు ముందే ధర ఖాయం చెయ్యాలి. ఇసుకతో పనిలేకుండా గాజు సీసాల్లో ఈ వేళ్లను పెంచే ప్రయోగాలు కూడా ప్రయోగశాలల్లో జరిగాయి. అవి మంచివే. కానీ సీసాలో పెరిగిన వేరుతో ఒక్క దిబ్బ కూడా మిగలదు, ఒక్కరికీ కూలిపని దొరకదు. అందుకే మొదటి మళ్లు నిజాంపట్నం ఇసుకలోనే కట్టాలి.