పాతకాలపు స్పోర్ట్స్ కార్లలో పెట్రోల్ హీటర్: అపోహలు - వాస్తవాలు

పోర్షే 356, తొలితరం 911 లాంటి ఎయిర్‌కూల్డ్ కార్లలో రేడియేటర్ ఉండదు, వేడినీళ్లూ ఉండవు. ఎగ్జాస్ట్ చుట్టూ ఉన్న జాకెట్‌లోంచి వచ్చే గాలే క్యాబిన్‌కు వెచ్చదనం. ఇంజిన్ ఐడిల్‌లో ఉన్నప్పుడు అది చాలదు. అందుకే ఎబర్‌స్పేచర్, వెబాస్టో కంపెనీల పెట్రోల్ హీటర్లను ఆ కార్లకు అదనంగా పెట్టేవారు. ఇంజిన్ ఆగి ఉన్నా, ట్యాంకులోంచి పెట్రోలు కొద్దికొద్దిగా తీసుకుని సొంతంగా మండించుకునే యంత్రం ఇది. దీన్ని చూసి చాలామంది భయపడరాని చోట భయపడతారు, భయపడాల్సిన చోట ధీమాగా ఉంటారు.

అపోహ: పెట్రోల్ ట్యాంకు పక్కనే మంట. ఎప్పుడో పేలిపోతుంది.

లీటరు పెట్రోలులో దాదాపు 8.9 యూనిట్ల (కిలోవాట్-అవర్ల) శక్తి ఉంటుంది. 80 శాతం సామర్థ్యం లెక్కన 2 కిలోవాట్ల హీటర్ గంటకు కాల్చేది సుమారు 0.28 లీటరు, అంటే నిమిషానికి 5 మిల్లీలీటర్లకు లోపే. అదీ మూసి ఉన్న ఛాంబర్‌లో. మంటకు కావాల్సిన గాలి కారు బయటి నుంచి వస్తుంది, పొగ బయటికే పోతుంది. క్యాబిన్‌లోకి వెళ్లే గాలి హీట్ ఎక్స్‌ఛేంజర్ (మంట వేడిని గాలికి అందించే రేకు పెట్టె) బయటి గోడను తాకి వేడెక్కుతుందే తప్ప మంటతో కలవదు.

ముప్పంతా ఆ గోడకు పగులు వచ్చినప్పుడు. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. రెండో ముప్పు పాత రబ్బరు గొట్టాలు. ఇథనాల్ కలిసిన పెట్రోలుకు అవి ఉబ్బి, మెత్తబడి, చెమ్మగిల్లుతాయి. ఎస్‌ఏఈ (వాహన ఇంజినీర్ల సంఘం) జే30ఆర్9 ప్రమాణం ఉన్న గొట్టం వేయండి. పంపులోని డయాఫ్రమ్, ఓ-రింగులు కూడా ఇథనాల్‌ను తట్టుకునేవే కావాలి.

అపోహ: పగిలిన హీట్ ఎక్స్‌ఛేంజర్‌కు సైలెన్సర్ పేస్ట్ పూస్తే సరిపోతుంది.

సరిపోదు. వేడెక్కిన ప్రతిసారీ ఆ రేకు సాగుతుంది, చల్లారాక ముడుచుకుంటుంది. పేస్ట్ నాలుగు రోజుల్లో రాలిపోతుంది. పల్చటి పాత రేకు మీద వెల్డింగ్ చేస్తే, అతుకు పక్కనే మరో పగులు మొదలవుతుంది. ఆ భాగం మార్చాల్సిందే, వేరే దారి లేదు.

పరీక్ష ఇలా చేయండి. హీటర్‌ను కారు నుంచి దించి, కంబషన్ (పెట్రోలు మండే) వైపున్న రంధ్రాలన్నీ రబ్బరు బిరడాలతో మూయండి. ఒకదాని ద్వారా చేతిపంపుతో 0.1 బార్ పీడనం ఇచ్చి, మొత్తం నీళ్లలో ముంచండి. ఒక్క బుడగ వచ్చినా ఆ ఎక్స్‌ఛేంజర్‌ను పక్కన పెట్టేయండి. కంప్రెసర్ గాలి నేరుగా ఇవ్వకండి, పల్చటి రేకు ఉబ్బిపోతుంది.

అపోహ: విప్పగానే వైర్‌బ్రష్‌తో గీకి, గాలి కొట్టి శుభ్రం చేయాలి.

ఇది చాలా ప్రమాదకరమైన అలవాటు. పాత గ్యాస్కెట్లలో (అతుకుల మధ్య పెట్టే సీళ్లలో) ఆస్‌బెస్టాస్ ఉండవచ్చు, దాని ధూళి పీలిస్తే ప్రమాదం. సీసం కలిపిన పెట్రోలు వాడిన రోజుల మసిలో సీసం ఉండవచ్చు. కాబట్టి ముందు అంతా తడపండి. తడిగా ఉండగానే గ్యాస్కెట్‌ను ప్లాస్టిక్ గరిటెతో ఊడదీసి, సంచిలో కట్టేయండి. పీ3 మాస్క్ (సన్నటి ధూళిని ఆపే రకం), చేతి తొడుగులు తప్పనిసరి. కొత్త గ్యాస్కెట్లు ఆస్‌బెస్టాస్ లేనివే వేయాలి. తీసినదాన్నే మళ్లీ బిగించకూడదు.

అపోహ: వెలగకపోతే వెలిగేదాకా స్విచ్ వేస్తూనే ఉండాలి.

వెలగని ప్రతి ప్రయత్నంలోనూ ఛాంబర్‌లో పెట్రోలు చేరుతుంది. చివరికి అంటుకున్నప్పుడు అదంతా ఒక్కసారిగా మండి, ఎగ్జాస్ట్ పైపులోంచి మంట బయటికి వస్తుంది. వరుసగా రెండుసార్లు వెలగకపోతే ఆపి, డ్రైన్ రంధ్రం తెరిచి, ఛాంబర్ పూర్తిగా ఆరాకే మళ్లీ చూడండి. తెల్లపొగ వస్తే పెట్రోలు మండకుండా ఆవిరవుతోందని అర్థం. నల్లపొగ వస్తే గాలి తక్కువైంది, లేదా పెట్రోలు ఎక్కువైంది.

వెలగకపోవడానికి తరచుగా కారణం కరెంటు. గ్లో ప్లగ్ (పెట్రోలును అంటించే వేడి ప్లగ్) వెలుగుతుండగా బ్యాటరీ దగ్గరా, ప్లగ్ టెర్మినల్ దగ్గరా వోల్టేజీ కొలవండి. తేడా 0.5 వోల్టు దాటకూడదు. 12 వోల్టుల కారులో ఆ అర వోల్టు పోతే ప్లగ్ శక్తి సుమారు 8 శాతం తగ్గుతుంది. 356 లాంటి 6 వోల్టుల కారులో అదే నష్టానికి 16 శాతం పోతుంది, అక్కడ 0.25 వోల్టునే హద్దుగా పెట్టుకోండి. తుప్పు పట్టిన ఎర్త్ బోల్టు, కాలిన రిలే కాంటాక్టులు, సన్నటి వైరు: ఈ మూడూ చూశాకే ప్లగ్ మార్చండి.

బ్లోయర్ మోటారు తిరిగే దిశ కూడా చూడాలి. పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కార్లలో చాలావాటికి పాజిటివ్ ఎర్త్, అంటే బ్యాటరీ పాజిటివ్ కొసను బాడీకి కలుపుతారు. నెగటివ్ ఎర్త్ కోసం చేసిన హీటర్‌ను అలాగే కలిపితే పర్మనెంట్ మాగ్నెట్ మోటారు తిరగబడి తిరుగుతుంది. సెంట్రిఫ్యూగల్ ఫ్యాన్ ఎటు తిరిగినా గాలి కొంత వస్తుంది కాబట్టి లోపం పైకి కనబడదు. గాలి చాలక లోపలంతా మసి పట్టేస్తుంది.

అపోహ: ఇంజిన్ పెట్రోలు లైనుకు ఒక టీ (మూడు దారుల జాయింటు) పెట్టి లాగితే చాలు.

ఇంజిన్ పంపు తర్వాత లైనులో ఒత్తిడి ఉంటుంది. దెబ్బకు ఇంతని కొలిచి పెట్రోలు పంపే హీటర్ పల్స్ పంపు కొలత అక్కడే తప్పుతుంది, పెట్రోలు అవసరానికి మించి తోసుకుపోతుంది. ట్యాంకు నుంచి విడిగా ఒక పికప్ గొట్టం పెట్టడమే మేలు. పంపును డెలివరీ వైపు పైకి ఉండేలా ఏటవాలుగా బిగిస్తే బుడగలు లోపల ఇరుక్కోవు. పంపు నుంచి హీటర్ దాకా 2 మిల్లీమీటర్ల లోపలి వ్యాసమున్న గట్టి గొట్టం వాడండి. వెడల్పు గొట్టంలో గాలి బుడగలు నిలిచి, పంపు దెబ్బలను మింగేస్తాయి. హీటర్ చివర గొట్టం తీసి, కొలపాత్రలోకి నిమిషం పాటు పంపు నడిపి, వచ్చిన పరిమాణాన్ని ఆ మోడల్ మాన్యువల్‌తో పోల్చండి. ఇది ఆరుబయట, అగ్నిమాపక సిలిండర్ పక్కన పెట్టుకుని చేయాల్సిన పని.

అపోహ: పని అయిపోగానే మాస్టర్ స్విచ్ (కారు మొత్తానికి కరెంటు ఆపేది) తీసేయవచ్చు.

హీటర్ స్విచ్ ఆపాక పెట్రోలు ఆగుతుంది, బ్లోయర్ మాత్రం ఎక్స్‌ఛేంజర్ చల్లారేదాకా తిరగాలి. మధ్యలో కరెంటు తీస్తే లోపలి వేడి డక్టులకు పాకుతుంది, ఓవర్‌హీట్ స్విచ్ (వేడి మితిమీరితే హీటర్‌ను ఆపేది) ఎగురుతుంది, రేకు త్వరగా పగులుతుంది. హీటర్‌కు మాస్టర్ స్విచ్‌తో సంబంధం లేకుండా బ్యాటరీ నుంచి ఫ్యూజు ద్వారా నేరుగా సరఫరా ఇవ్వండి. పదేపదే ఎగురుతున్న ఓవర్‌హీట్ స్విచ్‌ను వైరుతో కలిపేయడం మాత్రం ఎన్నటికీ చేయకండి. గాలి దారి ఎక్కడో మూసుకుందని అది చెబుతోంది. ఫ్యూజు కాలుతుంటే పెద్ద ఫ్యూజు వేయకండి, మోటారు బేరింగులు పట్టేశాయేమో చూడండి.

అపోహ: ఎగ్జాస్ట్ పైపు చివర ఎక్కడున్నా ఫరవాలేదు.

కారు కింద ఆగిన పొగ కారు అడుగు రేకు రంధ్రాల్లోంచి లోపలికి వస్తుంది. పైపు బాడీ అంచు దాటాలి. క్యాబిన్ గాలి తీసుకునే చోటుకు, పెట్రోలు గొట్టాలకు దూరంగా ఉండాలి. పైపు అడుగున నీరు నిలవకుండా వంపు ఉండాలి. పెట్రోలు నింపేటప్పుడు, మూసిన గ్యారేజీలో ఉన్నప్పుడు హీటర్ ఆపి ఉండాలి.

చివరి పరీక్షగా, ఆరుబయట కారు తలుపులు మూసి, కార్బన్ మోనాక్సైడ్ మీటర్‌ను వేడిగాలి వచ్చే రంధ్రం ముందు పెట్టి హీటర్‌ను 10 నిమిషాలు నడపండి. మీరు కారు బయట ఉండి అద్దంలోంచి చదవండి. బయటి గాలిలో ఉన్న అంకెకు మించి ఒక్క పీపీఎం (పది లక్షల్లో ఒక వంతు) పెరిగినా హీటర్‌ను మళ్లీ బల్ల మీదికి తీసుకెళ్లండి.