కనిగిరి కిడ్నీ మరణాలు: లెక్క ఎక్కడ తప్పింది?

కనిగిరి ప్రాంతంలో కిడ్నీ మరణాలపై వాదన మళ్లీ రాజుకుంది. నీళ్లే చంపుతున్నాయని కుటుంబాలు అంటున్నాయి. బీపీ, షుగరు, నొప్పి బిళ్లల మాటేమిటని వైద్యాధికారులు అడుగుతున్నారు. నీటికీ చావులకూ లంకె ఉందంటే లెక్కలు చూపాలన్నది వారి వాదన.

ఆ లెక్కలు ఎందుకు లేవో తెలియాలంటే కలరా, మశూచి రోజులకు వెళ్లాలి. అప్పట్లో ఊళ్లో చావును రాసుకునేది గ్రామ మునసబు. ఆయన వైద్యుడు కాదు. 'జ్వరం' అన్న ఒక్క గడిలో ఎన్నో రోగాలు కలిసిపోయేవి. అయినా కారణాన్ని అడిగి రాసే మనిషి ఊళ్లోనే ఉండేవాడు. 1984లో మునసబు, కరణం పదవులు రద్దయ్యాయి. వంశపారంపర్య పెత్తనం పోవడం న్యాయమే. కానీ ఆ అడిగి రాసే అలవాటు కూడా దాంతోనే సన్నగిల్లింది. అసలు మలుపు అదేనని నా నమ్మకం.

ఇప్పుడు మరణ ధ్రువపత్రం కోసం వెళ్లేది పింఛనుకో, పొలం పేరు మార్పిడికో. ఆ పత్రంలో కారణం బయటపెట్టరాదని 1969 జనన మరణాల నమోదు చట్టమే చెబుతోంది. కాబట్టి దాని గురించి పట్టుబట్టేవారు లేరు. నమోదు ఫారంలో బీడీ, పొగాకు, వక్క, మద్యం అలవాటు ఎన్నేళ్లుగా ఉందో అడుగుతారు. ఏ బోరు నీళ్లు తాగారో అడగరు.

ఇక్కడి నీటి దోషం నిన్నటిది కాదు. అప్పటి నెల్లూరు జిల్లాలో, నీటిలోని ఫ్లోరైడ్ వల్ల వచ్చే ఎముకల ఫ్లోరోసిస్‌ గురించి షార్ట్ అనే వైద్యుడి బృందం 1937లోనే వైద్య పత్రికలో రాసింది. కనిగిరి అప్పుడు ఆ జిల్లాలోదే, 1970లో ఒంగోలు జిల్లాలోకి వచ్చింది. ఫ్లోరోసిస్ నడుము వంచుతుంది, కీళ్లు బిగదీస్తుంది, నేరుగా ప్రాణం తీయదు. అందుకే అది చావుల పుస్తకానికి ఎక్కలేదు. నొప్పి బిళ్లలు కిడ్నీలను దెబ్బతీస్తాయన్న అధికారుల మాట నిజమే. మరి ఆ బిళ్లలు మింగించిన నొప్పి ఎక్కడిది?

నమోదు చట్టానికి 2023లో చేసిన సవరణతో ఆస్పత్రిలో చనిపోయినవారికి కారణం రాసివ్వడం తప్పనిసరైంది. డయాలసిస్ ఖర్చు భరించలేక ఇంటికి తెచ్చుకున్న మనిషి పక్కన మాత్రం చివరి రోజుల్లో డాక్టరు ఉండడు. పంచాయతీకి వెళ్లి 'ఆయనకు కిడ్నీలు పోయాయి' అని చెప్పేది భార్యే. వైద్య ధ్రువీకరణ లేకపోయినా ఆ మాట రాయడానికి ఫారంలో గడి ఉంది. ఆమె చెప్పింది చెప్పినట్టు అందులో రాయాలి.