బోర్డర్ మూస్తే ఆస్పత్రి దారి కూడా మూసినట్టేనా? (ఒడిశా-ఆంధ్ర సరిహద్దులో పర్లాకిమిడి వైపు అపోహలు - వాస్తవాలు)

పోయిన వారం డ్యూటీ నుంచి ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుంటుంటే ఫోన్ మోగింది. మా వీధిలో ఉండే పెద్దావిడ. "ఏటమ్మా, పాతపట్నం గేటు మళ్లీ పడిపోతాదంట కదా. మీ బాబాయిని గురువారం డయాలసిస్‌కి తీసుకెళ్లాలా, మానేయాలా?" అని అడిగింది. ఎవరు చెప్పారు పిన్నీ అంటే, మనవడి ఫోన్లో వీడియో వచ్చిందట. ఆ వీడియో నాకూ వచ్చింది. కరోనా రెండో వేవ్ నాటిది అది. చెక్‌పోస్టు దగ్గర లారీలు బారులు తీరి ఉన్నాయి, పోలీసులు మాస్కులు పెట్టుకుని ఉన్నారు. కింద ఎవరో కొత్తగా "బ్రేకింగ్" అని అతికించారు. అంతే, ఓ పెద్దాయన డయాలసిస్ మానేయడానికి అది చాలు.

2025 జనవరిలో హెచ్‌ఎంపీవీ అనే జలుబు, దగ్గు తెచ్చే వైరస్ గురించి వార్తలు వచ్చినప్పుడూ ఇదే జరిగింది. ఆ ఏడాది మే, జూన్‌లలో కరోనా కేసులు కాస్త పెరిగాయన్నప్పుడూ ఇదే. రెండుసార్లూ ఏ బోర్డరూ మూయలేదు. కానీ మా దగ్గర బీపీ మాత్రలకు వచ్చేవాళ్లు తగ్గారు, శ్రీకాకుళంలో చూపించుకునేవాళ్లు ప్రయాణాలు వాయిదా వేసుకున్నారు. అందుకే ఇది రాస్తున్నాను.

నేను గజపతి జిల్లాలో ప్రజారోగ్యం పనిలో ఉన్నాను. కరోనా రెండేళ్లూ ఫీల్డులోనే గడిచాయి, కొన్నాళ్లు టీఎంసీలో (కరోనా కోసం పెట్టిన తాత్కాలిక వైద్య కేంద్రం), కొన్నాళ్లు చెక్‌పోస్టు దగ్గర, కొన్నాళ్లు కంటైన్‌మెంట్ వీధుల్లో. తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను, మా పర్లాకిమిడి ఒడిశాలో ఉంది, మహేంద్రతనయ దాటితే పాతపట్నం, అది ఆంధ్ర. ఇక్కడ సగం ఇళ్లలో కూతురు ఒక రాష్ట్రంలో, తల్లి ఇంకో రాష్ట్రంలో. పెద్ద జబ్బు చేస్తే మాకు శ్రీకాకుళం దగ్గర, బరంపురం దూరం. కాబట్టి బోర్డర్ అనే మాట వినగానే ఇక్కడ అందరికీ ముందు గుర్తొచ్చేది ఆస్పత్రే. ఆ భయం నాకు అర్థమవుతుంది. దాన్ని వాడుకుని వీడియోలు తిప్పేవాళ్లే నాకు అర్థం కారు.

అపోహ: బోర్డర్ మూశారంటే రోగిని కూడా దాటనివ్వరు. ఆర్డర్ ఎత్తేసేదాకా ఇంట్లోనే ఓర్చుకోవాలి.

వాస్తవం: లాక్‌డౌన్ అంత కట్టుదిట్టంగా ఉన్న రోజుల్లో కూడా అత్యవసర వైద్యానికి వెళ్లేవాళ్లకు దారి వదిలారు. 2020 ఏప్రిల్ 15న కేంద్ర హోం శాఖ ఇచ్చిన మార్గదర్శకాలు తీసి చూడండి. అత్యవసర వైద్యం కోసం సొంత బండిలో వెళ్లొచ్చు, కారైతే డ్రైవర్ కాక వెనక సీట్లో ఒకరు కూర్చోవచ్చు అని స్పష్టంగా ఉంది. పశువుల వైద్యానికి కూడా అదే లైనులో అనుమతి ఇచ్చారు. గేదెకు జబ్బు చేస్తే దాటొచ్చని రాసినవాళ్లు మనిషిని ఆపమంటారా? ఆ మే 11న అంబులెన్సులను, వైద్య సిబ్బందిని రాష్ట్రాల మధ్య ఎక్కడా ఆపొద్దని కేంద్రం మళ్లీ రాష్ట్రాలకు ఉత్తరం రాసింది.

కాగితం మీద ఉన్నదంతా గేటు దగ్గర జరిగిందని నేను అనను. మొదటి రోజుల్లో చాలాచోట్ల రోగుల్ని ఆపారు, నేను కళ్లారా చూశాను. ఎవరిని పంపాలో, ఎవరిని ఆపాలో డ్యూటీలో ఉన్న కుర్రాళ్లకే తెలియదు. కేరళలో కాసరగోడ్ వాళ్లు ఎప్పటినుంచో వైద్యానికి మంగళూరు వెళ్తారు, మేం శ్రీకాకుళం వెళ్లినట్టే. అక్కడ రోడ్డు మూసేస్తే గొడవ కేరళ హైకోర్టుకు, ఆపైన సుప్రీంకోర్టుకు వెళ్లింది, చివరికి 2020 ఏప్రిల్ మొదటి వారంలో అత్యవసర రోగుల్ని ఎలా పంపాలో ఒక పద్ధతి కుదిరింది. అంటే భయం ఊరికే పుట్టింది కాదు. కానీ ఆ కొన్ని రోజుల అనుభవాన్ని పట్టుకుని, గేటు దాకా వెళ్లి అడగకుండానే ఇంట్లో కూర్చోవడం మొదలుపెట్టాం చూడండి, అక్కడ నష్టపోయాం. రెండో వేవ్‌లో నేను చూసిన కేసుల్లో ఎక్కువమందిని ఎవరూ ఆపలేదు. వాళ్లే బయలుదేరలేదు.

ఇందులో మా మావయ్య సంగతి చెప్పాలి. 2021 మే 5న నదికి రెండు వైపులా కట్టడి మొదలైంది, ఇటు ఒడిశా లాక్‌డౌన్, అటు ఆంధ్రలో మధ్యాహ్నం 12 నుంచి మర్నాడు ఉదయం 6 దాకా కర్ఫ్యూ. అది మొదలైన రెండో వారంలో ఒక ఉదయం మావయ్యకు నోరు పక్కకు పోయింది, ఎడమ చెయ్యి లేవలేదు. ఇంట్లో అందరూ కంగారుపడి మొదట చేసిన పని ప్రయాణానికి అనుమతినిచ్చే ఈ-పాస్ కోసం ఫోన్ పట్టుకోవడం. సైటు తెరుచుకోదు, తెరుచుకుంటే ఓటీపీ రాదు, వస్తే ఫొటో ఎక్కదు. అలా పదకొండయింది. పన్నెండు దాటితే అటువైపు కర్ఫ్యూ, ఇక పంపరు, రేపు చూద్దాం అనుకున్నారు. మర్నాడు తీసుకెళ్లారు. పక్షవాతంలో గడ్డ కరిగించే ఇంజెక్షన్ మొదటి నాలుగున్నర గంటల్లో ఇస్తేనే పనిచేస్తుంది, అదీ స్కాన్ తీశాక. అప్పటికి ఇరవై నాలుగు గంటలు దాటిపోయింది. మావయ్య బతికాడు. ఎడమ చేత్తో గ్లాసు పట్టుకోలేడు.

నేను ఆ రోజు టీఎంసీలో ఉన్నాను. పీపీఈ కిట్ వేసుకుంటే ఫోన్ ముట్టుకునే వీలుండదు, బ్యాగులో పెట్టేశాను. సాయంత్రం తీసి చూస్తే అత్తవి ఆరు మిస్డ్ కాల్స్. ఎత్తి ఉంటే ఒక్క మాట చెప్పేదాన్ని, పాస్ లేదు గీస్ లేదు, బండెక్కించి గేటు దగ్గరికి పొమ్మని. నెల తర్వాత ఆ గేటు దగ్గర డ్యూటీ చేసిన కానిస్టేబుల్‌ను అడిగాను. రిజిస్టర్ చూపించాడు. మావయ్యను ఇంట్లో పడుకోబెట్టిన అదే మధ్యాహ్నం, పన్నెండు దాటాక, రోగులున్న బళ్లు దాటాయి. పేరు, బండి నంబరు, వెళ్లే ఆస్పత్రి రాసుకుని వదిలేశారు.

ఇదే అపోహకు ఇంకో రూపం ఉంది, అది పెద్దవాళ్లను ఇంకా దెబ్బతీసింది. 65 దాటినవాళ్లు, గర్భిణులు, పదేళ్లలోపు పిల్లలు, దీర్ఘకాలిక జబ్బులున్నవాళ్లు ఇంట్లోనే ఉండాలని ఆర్డర్లలో ఉండేది కదా. ఆ వాక్యంలో సగమే ఊళ్లో తిరిగింది. నిత్యావసరాలకు, వైద్యానికి తప్ప అని ఆ వాక్యంలోనే రాసుంది. ఆ మాట ఎవరూ చదవలేదు, లేదా చదివి చెప్పలేదు. షుగరున్న తాతలు ఆర్నెల్లు రక్తపరీక్ష లేకుండా గడిపేశారు. ఒక గర్భిణి నాలుగో నెల నుంచి ఎనిమిదో నెల దాకా చెకప్‌కి రాలేదు, ఎందుకమ్మా అంటే "మమ్మల్ని రావొద్దన్నారు కదా దీదీ" అంది. హిమోగ్లోబిన్ చూస్తే 6 ఉంది. ఆమెను నేను తిట్టలేదు. ఏమని తిడతాను, ప్రభుత్వం మాట విన్నాననుకుంది.

టీబీ గురించి చెబితే గానీ ఈ నష్టం ఎంతో తెలియదు. దేశంలో 2019లో సుమారు 24 లక్షల టీబీ కేసులు నమోదైతే, 2020లో 18 లక్షలే నమోదయ్యాయి. జబ్బు తగ్గిందా? లేదు, దగ్గుతూ ఇంట్లో ఉండిపోయారు. దగ్గు అంటే కరోనా అంటారు, వీధికి తడికలు కడతారు అని భయం. మందులు వాడుతున్నవాళ్లలోనూ కొందరు మధ్యలో ఆపేశారు. నాకు తెలిసిన ఒక కుర్రాడు పాతపట్నం వైపు మందులు తీసుకునేవాడు, గేటు పడిందని మూడో నెలలో ఆపేశాడు. టీబీ చికిత్సను ఒక జిల్లా నుంచి ఇంకో జిల్లాకు, ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి మార్పించుకోవచ్చు. ఇటువైపు ఏ హెల్త్ సెంటర్‌కి వచ్చి చెప్పినా సరిపోయేది. అడగొచ్చని అతనికి తెలియదు. అదీ అసలు బాధ.

కాబట్టి ఎప్పుడైనా నిజంగా ఆంక్షలు వస్తే ఏం చేయాలో ఇప్పుడే చెబుతున్నాను. ప్రాణం మీదకొస్తే, అంటే గుండెనొప్పి, పక్షవాతం, పురిటినొప్పులు, పాముకాటు, ఆయాసం లాంటివైతే పాస్ కోసం ఆగొద్దు, బయలుదేరండి. 108కి ఫోన్ చేస్తే మొదటి మాటగా రాష్ట్రం, జిల్లా, ఊరు చెప్పండి, ఎందుకంటే బోర్డర్ ఊళ్లలో ఒక్కోసారి అవతలి టవర్ తగిలి కాల్ పక్క రాష్ట్రానికి వెళ్తుంది, వాళ్లు మీ ఊరు వెతుక్కునేసరికి పావుగంట పోతుంది. డయాలసిస్, కీమో, టీబీ లాంటి ఆగకూడని చికిత్సలున్నవాళ్లు పాత చీటీలన్నీ ఒక ప్లాస్టిక్ కవర్లో పెట్టుకోండి, గేటు దగ్గర మాటలకన్నా చీటీ బాగా పనిచేస్తుంది. ఎవరైనా ఆపితే గొడవ పెట్టుకోకుండా అక్కడున్న హెల్త్ డెస్క్ ఎక్కడని అడగండి. మీ ఆశా కార్యకర్త నంబరు ఫోన్లో ఉంచుకోండి.

మిగతావి గబగబా చెప్పేస్తాను.

"అన్‌లాక్ అన్నారంటే జబ్బు పోయినట్టే." కాదు. 2021 ఏప్రిల్ చివర్లో కేంద్రం చెప్పిన లెక్క ఏమిటంటే, ఒక చోట వారం పాటు పాజిటివిటీ (చేసిన పరీక్షల్లో పాజిటివ్ వచ్చినవి) 10 శాతం లేదా అంతకన్నా ఎక్కువుంటే, లేదా ఆక్సిజన్, ఐసీయూ పడకల్లో 60 శాతం మించి నిండితే, 14 రోజులు కట్టడి చేయాలి. తెరవడం కూడా అలాంటి లెక్కలు చూసే. పడకలు ఖాళీ అయ్యాయి, మీకు జబ్బు చేస్తే చూడగలం అని దాని అర్థం. వైరస్ వెళ్లిపోయిందని కాదు.

"షాపులకు వాళ్లకో టైము, మనకో టైమా?" 2021 జూన్ 17 నుంచి ఒడిశా జిల్లాలను రెండుగా విడగొట్టింది, గజపతి, గంజాం, రాయగడ, కోరాపుట్‌తో సహా 17 జిల్లాల్లో ఉదయం 6 నుంచి సాయంత్రం 5 దాకా, మిగతా 13 జిల్లాల్లో మధ్యాహ్నం 1 దాకా. అటు శ్రీకాకుళంలో జూన్ 21 నుంచి కర్ఫ్యూ సడలింపు సాయంత్రం 6 దాకా. ఒకే వాట్సాప్ గ్రూపులో ఈ ఆర్డర్లన్నీ వచ్చి పడేవి, అందరూ తమకు నచ్చింది నమ్మేవారు. ఆర్డర్ చూస్తే మూడు చూడండి: ఏ రాష్ట్రం, ఏ జిల్లా, ఏ తేదీ. తేదీ లేని కాగితాన్ని ఫార్వర్డ్ చేయకండి, దయచేసి.

"నెగెటివ్ వచ్చింది, ఇక క్వారంటైన్ ఎందుకు?" జబ్బు అంటుకున్న మర్నాడే పరీక్ష చేస్తే నెగెటివే వస్తుంది. అప్పట్లో ఉన్న రకాలకు లక్షణాలు సాధారణంగా అయిదారు రోజులకు, ఆలస్యమైతే 14 రోజులకు బయటపడేవి. అందుకే ఆ రోజుల లెక్క.

"ఆంధ్రా స్ట్రెయిన్." ఈ మాట వింటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది. 2021 మేలో ఎన్440కె అనే రకం ఆంధ్రలో పుట్టిందని, పదిహేను రెట్లు ప్రమాదకరమని ప్రచారం జరిగింది. హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు అది అంత ప్రమాదకరం కాదని, అప్పటికే తగ్గిపోతోందని చెప్పారు. కానీ ఆ నాలుగు రోజుల్లోనే ఇటు పుట్టింటికొచ్చిన ఆడపిల్లల్ని, అటునుంచి వచ్చిన అల్లుళ్లని వీధిలోకి రానివ్వలేదు. ఒకింటి ముందు ముళ్లకంప వేశారు. ఆ ఇంట్లో ఎవరికీ జబ్బు లేదు, ఏడు నెలల బాబు ఉన్నాడు, పాలప్యాకెట్ ఇచ్చేవాడు కూడా రానన్నాడు. ఆ కంప నేనూ మా ఆశా కలిసి తీసేశాం.

"బ్లీచింగ్ నీళ్లు మనుషుల మీద కొడితే వైరస్ చస్తుంది." ఒంట్లో ఉన్న వైరస్ చావదు, కళ్లు దెబ్బతింటాయి. మనుషుల మీద కొట్టొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చెప్పింది.

"కంటైన్‌మెంట్ అంటే శిక్ష." దీనికి మా తప్పూ ఉంది. తడికలు కట్టి, బోర్డు పెట్టి, ఫొటోలు తీసి ఇంటిని దొంగల ఇల్లులా చూపించినచోట జనం జ్వరం దాచారు. బియ్యం, మందులు గుమ్మం దాకా చేర్చి, రోజూ రెండుసార్లు ఆక్సిజన్ చూసినచోట వాళ్లంతట వాళ్లే పిలిచి చెప్పారు. జ్వరం దాచి, ఆక్సిజన్ 94 కన్నా కిందికి పడి ఆయాసం వచ్చాక వచ్చినవాళ్లలో కొందరిని మేం కాపాడలేకపోయాం.

ఆ పిన్నితో గురువారం తప్పకుండా వెళ్లమన్నాను. వెళ్లారు. గేటు దగ్గర ఎవరూ లేరట, అసలు గేటే లేదు కదమ్మా అంది. సరే, వచ్చే వారం ఇంకో వీడియో వస్తుంది. అప్పుడు టెన్షన్ పడి ఇంట్లో కూర్చోకుండా ముందు నాకో, మీ ఆశాకో ఫోన్ చేయండి. నా నంబరు మా ఆశాలందరి దగ్గరా ఉంది. ఇప్పుడు ఫోన్ బ్యాగులో పెట్టడం లేదు, రాత్రి తలగడ పక్కనే ఉంటుంది.