లారీ డ్రైవర్లు ఎందుకు నిలవరు: ఓనర్ల అపోహలు, రోడ్డు మీది వాస్తవాలు

ఒడిశాలో రాయగడ, కోరాపుట్ వైపు ఏ ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసుకు వెళ్ళినా ఇప్పుడు ఒకటే మాట: "బండ్లున్నాయి, డ్రైవర్లు లేరు." లోడుకు కరువు లేదు. జేకేపూర్ కాగితం మిల్లు, తెరుబలి ఫెర్రో అల్లాయ్స్ (ఉక్కులో కలిపే లోహం) ఫ్యాక్టరీ, టికిరి, దమన్‌జోడి అల్యూమినా ఫ్యాక్టరీలు ఉన్నాయి. వీటికొచ్చే సరుకో, వీటి నుంచి పోయే సరుకో రోజూ రోడ్డు మీద ఉంటుంది. ఘాట్ (కొండదారి) దిగితే ఆంధ్ర వైపు లారీలకు పేరుపడ్డ సాలూరు. అయినా డ్రైవర్ దొరకడు, దొరికినా నిలవడు. బండ్లు పంపడం, డ్రైవర్ల లెక్కలు చూడటం నా పని. ఓనర్ల నోట రోజూ వినే మాటల్లో ఏది ఎంత నిజమో నాకు తెలిసినంతలో రాస్తున్నాను.

అపోహ: వెయ్యి ఎక్కువ చూపిస్తే ఎవరి దగ్గరికైనా పోతారు

జీతం సంగతి పట్టదని ఎవరూ అనరు. కానీ మానేసిన డ్రైవర్‌ని టీ కొట్టు దగ్గర కూర్చోబెట్టి అడగండి, జీతం కంటే ముందు లెక్క మాట వస్తుంది. ట్రిప్పు షీటులో బత్తా (దారి ఖర్చు), డీజిల్, లోడింగ్ మామూలు, పట్టా (టార్పాలిన్) తాళ్ళు, పంక్చర్, హాల్టింగ్ (బండి ఆగిన రోజుల చార్జీ) ఉంటాయి. అర్ధరాత్రి ఘాట్‌లో పంక్చర్ వేయించుకుంటే బిల్లు ఎవరిస్తారు? ఆఫీసులో అకౌంటెంట్ "బిల్లు లేదు, కట్" అని ఎర్ర పెన్నుతో గీత గీస్తాడు. మూడు వందల రూపాయలే కావచ్చు. ఆ గీత మాత్రం డ్రైవర్ ఏడాదైనా మర్చిపోడు.

హాల్టింగ్ ఇంకా పెద్ద గొడవ. ఫ్యాక్టరీ గేటు ముందు బండి రెండు రోజులు ఆగితే సరుకు పార్టీ దగ్గర హాల్టింగ్ చార్జీ వసూలు చేసే ఓనర్లు చాలామందే ఉన్నారు. డ్రైవర్‌కి ట్రిప్పు బత్తా తప్ప ఏమీ రాదు. ఆ రెండు రోజులూ అతను తినేది తన డబ్బే. వచ్చిన హాల్టింగ్‌లో వాటా ఇవ్వండి. దారిని బట్టి పంక్చర్‌కి, పట్టాకి ఇంత అని ముందే రేటు కట్టేయండి. బండి దిగిన రోజే లెక్క చూసి, షీటు అతనికి చూపించి, సంతకం పెట్టించి, డబ్బు అకౌంటుకి కొట్టండి. ఇదంతా పెద్ద ఖర్చేమీ కాదు. "రేపు చూద్దాంలే" అని మూడు ట్రిప్పుల లెక్క కలిపి నానబెట్టే ఆఫీసుల్లోనే డ్రైవర్లు ఎక్కువగా మారుతుంటారు.

2025 జూలైలో ఒడిశా డ్రైవర్లు స్టీరింగ్ వదిలి సమ్మెకు దిగినప్పుడు వాళ్ళ డిమాండ్లు గుర్తున్నాయా? ముసలితనంలో పింఛను, ప్రమాదంలో పోతే కుటుంబానికి పరిహారం, రోడ్డు పక్కన బండి ఆపుకుని పడుకోవడానికి చోటు, టాయిలెట్. టాయిలెట్ కోసం సమ్మె చేయాల్సి రావడం గురించి నేను వేరే చెప్పేదేముంది.

అపోహ: మైలేజీ టార్గెట్ పెడితే డీజిల్ దొంగతనం ఆగుతుంది

డీజిల్ పోతుందన్నది అబద్ధం కాదు. కొందరు అమ్ముకుంటారు. అయితే ఎక్కువ ఆఫీసులు దీనికి కనిపెట్టిన మందు ఒకటే: "లీటరుకు ఇన్ని కిలోమీటర్లు రావాలి, తగ్గితే నీ జీతంలో కట్." పైకెక్కినా అంతే, కిందికి దిగినా అంతే, లోడున్నా ఖాళీ అయినా అంతే. కోరాపుట్ నుంచి సుంకి మీదుగా సాలూరు దిగే బండికీ, అదే దారిలో నిండు లోడుతో ఎక్కే బండికీ ఒకే లెక్క ఎలా కుదురుతుంది?

దానికి డ్రైవర్ కనిపెట్టే విరుగుడు న్యూట్రల్. ఘాట్ దిగేటప్పుడు గేరు తీసేసి వదిలేస్తాడు, డీజిల్ మిగులుతుందని నమ్మకం. ఇప్పటి కామన్ రైల్ ఇంజన్లలో (డీజిల్‌ని కంప్యూటర్ కొలిచి వదిలేవి) జరిగేది దీనికి పూర్తిగా ఉల్టా. గేరులో ఉంచి యాక్సిలరేటర్ మీద కాలు తీస్తే ఇంజన్‌కి డీజిల్ సరఫరా ఆగిపోతుంది, చక్రాలే ఇంజన్‌ని తిప్పుతాయి. న్యూట్రల్‌లో మాత్రం ఇంజన్ ఆగకుండా ఉండాలంటే డీజిల్ తాగుతూనే ఉండాలి. అంటే అతను మిగులుస్తున్నాననుకున్నది ఖర్చవుతోంది. పైగా ఎగ్జాస్ట్ బ్రేకు (పొగ దారి మూసి ఇంజన్‌తోనే వేగం తగ్గించేది) పనికిరాదు, బరువంతా కాలి బ్రేకు మీదే పడుతుంది. మలుపు మలుపుకీ నొక్కుతూ దిగితే డ్రమ్ములు వేడెక్కి, లైనింగు మాడిన వాసన క్యాబిన్‌లోకి వస్తుంది. ఆ వాసన వచ్చాక బ్రేకు పట్టుతుందన్న నమ్మకం ఉండదు. న్యూట్రల్ అలవాటు డ్రైవర్‌దే, ఒప్పుకుంటాను. ఆ అలవాటుకు ఎరువు వేసింది ఆఫీసు పెట్టిన టార్గెట్.

ఎక్కుడుకి ఒక లెక్క, దిగుడుకి ఒక లెక్క, ఖాళీకి ఒక లెక్క పెట్టండి. అదే బండి పాత ట్రిప్పుల నుంచి తీయండి. ఒకే బంకులో, ట్యాంకు నిండా కొట్టించి మళ్ళీ నిండా కొట్టించి చూడండి. అప్పుడు దొంగ ఎవరో, దొర ఎవరో నాలుగు ట్రిప్పుల్లో తేలిపోతుంది. మంచివాళ్ళు మీ దగ్గరే ఉంటారు.

అపోహ: తూకం తగ్గిందంటే డ్రైవర్ దారిలో దించేశాడు

కాగితం మిల్లుకు నీలగిరి కర్ర, సుబాబుల్ తోలేవాళ్ళకు ఈ తలనొప్పి తెలుసు. పచ్చి కర్ర ఎండలో గేటు ముందు రెండు రోజులు నిలబడితే బరువు తగ్గుతుంది, దానికి దొంగ అక్కర్లేదు. ఇంకో సంగతి చాలామంది పట్టించుకోరు. లోడయ్యాక తూకం వేసినప్పుడు ట్యాంకు నిండుగా ఉండి, అన్‌లోడింగ్ దగ్గర అడుగంటిందనుకోండి. మూడు వందల లీటర్ల డీజిల్ దాదాపు 250 కిలోలు తూగుతుంది. ఒక తూకంలో క్లీనర్ క్యాబిన్‌లో ఉండి ఇంకో తూకంలో లేకపోతే అదొక తేడా. కాటా మారితే ఇంకో తేడా. ఇవేవీ చూడకుండా షార్టేజీ అంతా డ్రైవర్ ఖాతాలో రాసేస్తారు.

2025 నవంబరులో కొత్త లేబర్ కోడ్‌లు వచ్చేదాకా నడిచిన 1936 నాటి జీతాల చెల్లింపు చట్టంలోనే ఉండేది: పనివాడి నిర్లక్ష్యం వల్ల నేరుగా జరిగిన నష్టానికే కోత పెట్టాలి, అదీ అతని మాట విన్న తర్వాతే. మన ఆఫీసుల్లో ముందు కోత, తర్వాత తిట్లు, వినడం మాత్రం ఉండదు. రెండు కాటా చీటీల మీద ట్యాంకు ఎంత ఉందో, క్యాబిన్‌లో ఎందరున్నారో రాయించండి. సగం గొడవలు అక్కడే తీరతాయి.

అపోహ: లైసెన్స్ మన బీరువాలో ఉంటే ఎక్కడికీ పోడు

ఫోన్‌లో ప్రభుత్వ డిజిలాకర్ యాప్‌లో ఉన్న లైసెన్స్ రోడ్డు మీద చెల్లుతుంది, కాబట్టి ఆ కార్డు పెట్టుకుని మీరు కట్టేసేదేమీ లేదు. అడ్వాన్సు తీరేదాకా వేరే చోట చేయకూడదని బెదిరించడం ఇంకా ప్రమాదం. అప్పు కింద మనిషిని కట్టిపడేయడాన్ని 1976 వెట్టిచాకిరీ చట్టం నిషేధించింది. కోరాపుట్ కొండల్లో ఒకప్పుడు 'గోతి' పేరుతో జరిగిందీ ఇదే. ఆ రోజులు లారీ ఆఫీసులో మళ్ళీ మొదలుపెట్టకండి.

అపోహ: జీపీఎస్ ఉంది కాబట్టి నమ్మకం గురించి టెన్షన్ లేదు

జీపీఎస్ బండి ఎక్కడుందో చెబుతుంది. స్క్రీన్ ముందు కూర్చున్న కుర్రాడు పది నిమిషాలకోసారి "ఎందుకు ఆగావ్?" అని ఫోన్ చేస్తే, ఘాట్ మలుపులో ఒక చేత్తో స్టీరింగ్, ఒక చేత్తో ఫోన్. బండి ఆగి ఉంటే మనిషి పడుకున్నాడని అర్థం, పడుకోనివ్వండి. 1961 మోటారు ట్రాన్స్‌పోర్టు కార్మికుల చట్టం రోజుకు 8 గంటల పని, అయిదు గంటల తర్వాత అరగంట విశ్రాంతి అని ఎప్పుడో చెప్పింది. ఆ కుర్రాడి వయసుకు రెండింతలున్న డ్రైవర్‌ని 'ఒరేయ్' అనకుండా తెలుగువాణ్ణి గారూ అనీ, ఒడియా ఆయన్ని భాయినా (అన్నా) అనీ పిలవడం కూడా నేర్పండి. దానికి జీపీఎస్ చందా కట్టక్కర్లేదు.

అపోహ: బండికి ఫుల్ ఇన్సూరెన్స్ ఉంది, డ్రైవర్‌కి ఏమైనా అదే చూసుకుంటుంది

పాలసీ కాగితం తీసి చదవండి. అందులో కనిపించే 15 లక్షల పర్సనల్ యాక్సిడెంట్ కవర్ ఓనర్-డ్రైవర్ది, అంటే బండి ఓనరే నడుపుతుంటే. జీతానికి నడిపేవాడికి ఓనర్ నుంచి రావాల్సిన పరిహారం (2025 నవంబరు దాకా 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం కింద) వేరు. దానికి మీ పాలసీలో డ్రైవర్ లయబిలిటీ ఎలా ఉందో ఏజెంటుని అడిగి చూసుకోవాలి. అది రావాలన్నా అతను మీ దగ్గర పని చేస్తున్నట్టు, ఇంత జీతమిస్తున్నట్టు కాగితం ఉండాలి. చేతికి నోట్లు ఇచ్చి ఊరుకునే ఆఫీసులో ఆ కాగితం ఎక్కడిది? ప్రధానమంత్రి సురక్షా బీమా ఏడాదికి 20 రూపాయలు, ప్రమాదంలో పోతే 2 లక్షలు. దాన్ని కూడా కట్టించని ఓనర్లున్నారు.

2024 జనవరిలో దేశమంతా డ్రైవర్లు బండ్లు ఆపింది హిట్ అండ్ రన్‌కి పదేళ్ళ శిక్ష అన్నందుకే. ఆ ఏడాది జూలైలో కొత్త చట్టం (భారతీయ న్యాయ సంహిత) వచ్చినా ఆ ఒక్క ఉపసెక్షన్ని అప్పుడు అమలులోకి తేలేదు. యాక్సిడెంట్ అయ్యాక జనం కొడతారన్న భయం మాత్రం అలాగే ఉంది. ఆ సమయంలో ఫోన్ ఎత్తి "పోలీస్ స్టేషన్‌కి పో, మేం వస్తున్నాం" అనే ఓనర్ దగ్గర డ్రైవర్ నిలుస్తాడు. ఫోన్ స్విచాఫ్ చేసుకునే ఓనర్ పేరు సాలూరులో తెల్లారేసరికి అందరికీ తెలుస్తుంది.

అపోహ: ఈ తరం కుర్రాళ్ళకు లారీ పని ఇష్టం లేదు

కొంత నిజం. కానీ బత్తా మిగులుతుందని క్లీనర్లను తీసేసింది ఎవరు? మన వైపు డ్రైవర్లు చాలామంది క్లీనర్లుగా చేరి, గురువు పక్కన కూర్చుని బండి నేర్చుకున్నవాళ్ళే. ఆ మెట్టు తీసేశాం. రవాణా బండి లైసెన్స్ కావాలంటే 20 ఏళ్ళు నిండాలి, అంతకుముందే ఏడాది పాటు లైట్ మోటార్ లైసెన్స్ ఉండాలి. ఆ కాలమంతా కుర్రాడు ఎక్కడుంటాడు? ఏ బైకు డెలివరీలోనో. ఒక్కడే డ్రైవ్ చేసి, ఒక్కడే పట్టా కట్టి, రివర్సులో వెనకాల చూసేవాడు లేక అద్దాలు నమ్ముకునే బండి చూసి ఎవరొస్తారు? పది బండ్లున్న ఓనర్ రెండు బండ్లకైనా క్లీనర్ని పెట్టి, వాడి లైసెన్స్ ఫీజు కడితే రెండేళ్ళలో తన డ్రైవర్ని తానే తయారు చేసుకున్నట్టు.

అపోహ: పండక్కి సెలవిస్తే తిరిగి రాడు

ఇవ్వకపోతేనే రాడు. ఒడియా డ్రైవర్లకు జూన్‌లో రొజొ పండగ, విజయనగరం వైపు వాళ్ళకు దసరా తర్వాత పైడితల్లి సిరిమాను, అందరికీ సంక్రాంతి. ఏడాది మొదట్లోనే ఎవరు ఎప్పుడు వెళ్తారో గోడ మీద క్యాలెండర్లో రాసేస్తే, ఒడియా వాళ్ళు వెళ్ళినప్పుడు తెలుగువాళ్ళు, తెలుగువాళ్ళు వెళ్ళినప్పుడు ఒడియా వాళ్ళు బండి పట్టుకుంటారు. సరిహద్దు జిల్లాలో ఉండటం వల్ల మనకున్న సౌకర్యం ఇది, ఒకే ఊరి డ్రైవర్లను నమ్ముకున్న ఆఫీసులకు దొరకదు. వెళ్ళేటప్పుడు పాత లెక్క పూర్తిగా కట్టి పంపండి. బాకీ ఆపుకుంటే వస్తాడనుకుంటారు చాలామంది. ఆపుకున్న నాలుగు వేలు వదులుకుని పక్క ఆఫీసు బండెక్కినవాళ్ళు మా దారిలో చాలామందే ఉన్నారు.