డిక్రీ వచ్చిందని బీరువాలో పెట్టకండి

ఒడిశాలోని పర్లాకిమిడిలో సివిల్ దావాలు చూసే వకీలుని. మన తెలుగువాళ్ల నోట తరచూ వినే మాటలివి.

అపోహ: తీర్పు, డిక్రీ ఒకటే.
వాస్తవం: జడ్జి గారు ఆ నిర్ణయానికి ఎందుకు వచ్చారో కారణాలు చెప్పేది తీర్పు. ఎవరికి ఏ హక్కు దక్కింది, ఎవరు ఎంత కట్టాలి, ఖర్చులెవరివి అని తేల్చేది డిక్రీ. సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 2లో రెండింటికీ వేరువేరు నిర్వచనాలున్నాయి. వాయిదాకు రాలేదని దావా కొట్టేస్తే అది డిక్రీ కాదు.

అపోహ: డిక్రీ వచ్చాక కోర్టే వసూలు చేసి ఇస్తుంది.
వాస్తవం: మీరు ఈపీ, అంటే అమలు పిటిషన్, వేస్తేనే కదలిక. బాకీ డిక్రీకి గడువు 12 ఏళ్లు. ఫలానా పని చేసి తీరాలనే ఇంజంక్షన్ డిక్రీకి 3 ఏళ్లే. 12 ఏళ్లున్నాయి కదా అని ఆగితే ఈలోపు అవతలివాళ్లు ఆస్తి అమ్మేసుకుంటారు. ఆ బాధ చూడలేకే ఇది రాస్తున్నాను.

అపోహ: ఇక్కడి డిక్రీ ఆంధ్రలో చెల్లదు, సరిహద్దు అవతలి పాతపట్నంలో మళ్లీ దావా వేయాలి.
వాస్తవం: ఈ మాట నమ్మి వదిలేసుకున్నవాళ్లున్నారు. కొత్త దావా అక్కర్లేదు. మన కోర్టు తన పరిధి దాటి ఉన్న భూమిని జప్తు చేయలేదు, నిజమే. అందుకే సెక్షన్ 39 కింద డిక్రీని ఆ భూమి ఉన్నచోటి కోర్టుకు పంపమని ఇక్కడే అడగాలి. డిక్రీ నకలు, ఇంకా ఎంత వసూలు కావాలో చెప్పే సర్టిఫికెట్ నేరుగా అక్కడికి వెళ్తాయి. ఆ కోర్టు తానిచ్చిన డిక్రీలాగే దాన్ని అమలు చేస్తుంది. ఒకటి గుర్తుంచుకోండి: బదిలీ చేసినంత మాత్రాన 12 ఏళ్ల లెక్క మళ్లీ మొదటికి రాదు.

అపోహ: పంపకాల డిక్రీ వచ్చింది, భూమి మనదైపోయింది.
వాస్తవం: ముందు వచ్చేది ప్రిలిమినరీ డిక్రీ, అందులో వాటా మాత్రమే తేలుతుంది. హద్దులతో విడగొట్టేది ఫైనల్ డిక్రీ. దానికి స్టాంపు కాగితం మీరే ఇవ్వాలి.

అపోహ: ఎక్స్‌పార్టీ డిక్రీ, అంటే మనం కోర్టుకు హాజరు కాకుండానే ఇచ్చిన డిక్రీ, పడితే ఇక దారి లేదు.
వాస్తవం: ఉంది. డిక్రీ తేదీ నుంచి 30 రోజుల్లో రద్దుకు పిటిషన్ వేయవచ్చు. సమన్లు సరిగ్గా అందకపోతే, డిక్రీ సంగతి తెలిసిన రోజు నుంచి ఆ 30 రోజులు. ఒడియాలో ఉందని సమన్లు పక్కన పడేయకండి. అందిన రోజే చదవగలిగినవాళ్లతో చదివించుకోండి.