సెకండ్‌హ్యాండ్ క్రూయిజర్ బోటు: ఇంజిన్ బలంపై అపోహలు – వాస్తవాలు

అమెరికా సరస్సుల మీద సెకండ్‌హ్యాండ్‌లో విరివిగా కనిపించేవి 24 నుంచి 28 అడుగుల క్రూయిజర్లు. ముందు పడక, చిన్న వంటగట్టు, వెనక ఒక పెట్రోల్ వీ8 (ఎనిమిది సిలిండర్ల ఇంజిన్), దానికి స్టెర్న్‌డ్రైవ్ (ఇంజిన్ లోపల, ప్రొపెల్లర్ తిప్పే డ్రైవ్ బోటు వెనక బయట). ఇంజిన్ బలం చాలకపోతే ఈ బోటు ప్లేనింగ్‌కు రాదు. అంటే నీటి మీదికి లేచి జారలేదు. ముక్కు పైకెత్తి, వెనక భాగం ముంచుకుని, పెట్రోలు తాగుతూ ఈడుస్తుంది. డాలస్‌లోనో అట్లాంటాలోనో ఉండి ఇలాంటిది బేరమాడుతున్నవాళ్ళకు తరచుగా వినిపించే మాటలివి.

అపోహ: 300 హెచ్‌పీ ఉంది, ఇంక చూసేదేముంది?

వాస్తవం: ఒక్కో హార్స్‌పవర్ మీద ఎన్ని పౌండ్లు పడుతున్నాయో చూడాలి. బ్రోషర్‌లో ఉండేది ఖాళీ బరువు. అది 7,000 పౌండ్లు అనుకుందాం. 80 గ్యాలన్ల పెట్రోలు గ్యాలన్‌కు 6.1 చొప్పున 488, 20 గ్యాలన్ల నీళ్ళు 166, తర్వాత బిగించిన జనరేటర్ సుమారు 350, ఎనిమిది మంది మనుషులు 1,320. లంగరు, గొలుసు, అదనపు బ్యాటరీలు, పాత యజమాని అరల్లో వదిలేసిన సామాను మరో 500. మనవాళ్ళ షికారంటే కూలర్లూ బిర్యానీ గిన్నెలూ ఉంటాయి కాబట్టి ఈ చివరి అంకెను తగ్గించకండి. మొత్తం 9,800 దాటింది.

దీన్ని 300తో భాగిస్తే 33 లోపు. ఇక్కడ క్రౌచ్ సూత్రం పనికొస్తుంది: మామూలు క్రూయిజర్లకు 150ని ఆ భాగఫలపు వర్గమూలంతో భాగిస్తే గరిష్ఠ వేగం నాట్లలో వస్తుంది. సుమారు 26 నాట్లు, అంటే గంటకు 30 మైళ్ళు. పర్వాలేదు. అదే బోటులో 220 హెచ్‌పీ ఉంటే ఒక్కో హార్స్‌పవర్ మీద 44 పౌండ్ల పైన పడతాయి. కాగితం మీద 22 నాట్లు వచ్చినా, నిండు బరువుతో ప్లేనింగ్‌కు ఎక్కే దగ్గరే ఆయాసపడుతుంది. మా లెక్కలో ఒక్కో హార్స్‌పవర్ మీద 30 పౌండ్ల లోపు హాయి, 40 దాటితే వద్దు.

ఇంకో సంగతి. ఈ సూత్రం ప్రకారం వేగం బలానికి వర్గమూలంగానే పెరుగుతుంది. 260 హెచ్‌పీ బదులు 300 ఉంటే పెరిగే వేగం 7 శాతమే. ఆ 40 హెచ్‌పీ కోసం వేలకు వేలు అడిగితే ఆలోచించండి.

అపోహ: ఫుల్ థ్రాటిల్‌లో 5,000 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజిన్ చుట్లు) కొట్టింది, ఇంజిన్ బ్రహ్మాండం

వాస్తవం: ఆ పరుగులో బోటులో ఎంతమంది ఉన్నారు, ట్యాంకులో ఎంత పెట్రోలుంది? ఇద్దరు మనుషులు, పావు ట్యాంకుతో వచ్చిన అంకె నిండు బరువుతో 200 నుంచి 300 ఆర్‌పీఎం మేర తగ్గిపోవచ్చు. ప్రతి ఇంజిన్‌కూ ఫుల్ థ్రాటిల్‌లో చేరాల్సిన ఆర్‌పీఎం పరిధిని మాన్యువల్‌లో ఇస్తారు. ఈ తరహా వీ8లలో చాలావాటికి అది 4,400 నుంచి 5,200 మధ్య ఎక్కడో ఉంటుంది. నిండు బరువుతో ఆ పరిధి పై సగంలోకి రావాలి.

ట్రయల్ ఇలా చేయించండి. నీటి ట్యాంకు నింపి, పెట్రోలు కనీసం ముప్పాతిక ఉంచి, వీలైనంత మందిని ఎక్కించండి. ఇంజిన్ వేడెక్కాక డ్రైవ్ ట్రిమ్ (దాని వంపు) పూర్తిగా దించి థ్రాటిల్ నెట్టండి. ఎన్ని సెకన్లలో ప్లేనింగ్‌కు వస్తుందో చూడండి. పది లోపు బాగుంది, పదిహేను దాటితే కష్టం. తర్వాత థ్రాటిల్ మెల్లగా తగ్గిస్తూ, ఏ ఆర్‌పీఎం దగ్గర వెనక భాగం మళ్ళీ దిగబడుతుందో రాసుకోండి. అది 3,800 అయితే గాలి వీచే రోజున రోజంతా ఇంజిన్‌ను పిండాల్సిందే. చివరగా ఫుల్ థ్రాటిల్‌లో ఎదురు గాలికీ వాలు గాలికీ ఒక్కో పరుగు తీసి, జీపీఎస్ వేగాల సగటు కట్టండి.

ఆర్‌పీఎం చూపే మీటరునూ (టాకోమీటర్) నమ్మొద్దు. చాలా టాకోమీటర్ల వెనక 4, 6, 8 సిలిండర్ల సెలెక్టర్ ఉంటుంది. దాని కాంటాక్టులకు తుప్పు పడితే అంకె తప్పుతుంది. ఇంజిన్ కంప్యూటర్‌ను చదివే స్కానర్‌తోనో చేతి టాకోమీటర్‌తోనో సరిచూడాలి.

ఆర్‌పీఎం తక్కువొస్తే వెంటనే ఇంజిన్‌ను తిట్టకండి. ముందు బోటు అడుగున పాచి ఉందేమో, ప్రొపెల్లర్ రెక్క వంగిందేమో చూడాలి. తర్వాత ఇంజిన్ ఆపి, లీవర్ పూర్తిగా నెట్టినప్పుడు థ్రాటిల్ ప్లేటు నిజంగా చివరిదాకా తెరుచుకుంటోందా అన్నది. కేబుల్ సాగి ముప్పాతికే తెరుచుకునే బోట్లు తక్కువేమీ కాదు. సెన్సర్ లోపంతో కంప్యూటరే బలం తగ్గించి ఉండొచ్చు, ఫాల్ట్ కోడ్‌లు చదివించండి. ఇవన్నీ సరిగ్గా ఉంటే ప్రొపెల్లర్ పిచ్ (ఒక్క చుట్టుకు లెక్క ప్రకారం ముందుకు కదలాల్సిన దూరం) ఎక్కువైనట్టు. ఒక అంగుళం పిచ్ తగ్గిస్తే 150 నుంచి 200 ఆర్‌పీఎం పెరుగుతుంది. అప్పటికీ రాకపోతే కంప్రెషన్ టెస్ట్ (సిలిండర్లలో ఒత్తిడి కొలిచే పరీక్ష). ఒక సిలిండర్ మిగతావాటికంటే 20 శాతం తక్కువ చూపితే బేరం ఆపేయండి.

ఆర్‌పీఎం బాగుండి వేగం లేకపోతే అది వేరే జబ్బు. ఆర్‌పీఎంను పిచ్‌తో గుణించి, గేర్ రేషియోను (ప్రొపెల్లర్ ఒక్క చుట్టుకు ఇంజిన్ తిరిగే చుట్లు) 1,056తో గుణించగా వచ్చిన దానితో భాగించండి. ప్రొపెల్లర్ నీటిలో ఏమాత్రం జారకపోతే రావాల్సిన వేగం అదే. 4,800 ఆర్‌పీఎం, 22 అంగుళాల పిచ్, 2.20 గేర్ అయితే గంటకు 45 మైళ్ళు. జీపీఎస్ 39 చూపితే స్లిప్ (లెక్క కంటే తగ్గిన వేగం) 14 శాతం, మామూలే. 30 చూపితే ప్రొపెల్లర్ లోపలి రబ్బరు హబ్ జారుతోందనో, బోటు నీళ్ళు పీల్చి బరువెక్కిందనో అర్థం.

అపోహ: తక్కువ గంటలు తిరిగింది కాబట్టి బలం తగ్గలేదు

వాస్తవం: ఉప్పు నీటిలో నిలబెట్టేసిన 200 గంటల ఇంజిన్ కంటే మంచినీటిలో ఏటా సర్వీసు చేయించిన 700 గంటల ఇంజిన్ మేలు.

అపోహ: రెండు ఇంజిన్లుంటే ఒకటి ఆగినా అదే వేగంతో ఇల్లు చేరొచ్చు

వాస్తవం: ఒక్కదానితో ఇలాంటి బోటు సాధారణంగా ప్లేనింగ్‌కు రాదు. ఆరేడు నాట్లతో రావాల్సిందే. బలవంతంగా తోస్తే ఆ ఒక్కటీ ఓవర్‌లోడై పోతుంది.

అపోహ: టెక్సాస్‌లో బాగా పరిగెత్తింది, టాహోలోనూ పరిగెడుతుంది

వాస్తవం: టర్బో లేని ఇంజిన్ ప్రతి వెయ్యి అడుగుల ఎత్తుకూ సుమారు 3 శాతం బలం కోల్పోతుంది. టాహో సరస్సు సుమారు 6,225 అడుగుల ఎత్తున ఉంది. అక్కడ 300 హెచ్‌పీ కాస్తా 245కి దిగుతుంది. పిచ్ తగ్గిస్తే ఆర్‌పీఎం తిరిగొస్తుంది గానీ పోయిన బలం రాదు.

అపోహ: గరిష్ఠ హెచ్‌పీ బోటు ప్లేటు మీదే ఉంటుంది

వాస్తవం: కోస్ట్ గార్డ్ నిబంధన ప్రకారం సామర్థ్యపు ప్లేటు 20 అడుగుల లోపు బోట్లకే తప్పనిసరి. క్రూయిజర్‌కు ఉండాలని లేదు.

అపోహ: ట్రాలర్‌కైనా ఎంత పెద్ద ఇంజిన్ అయితే అంత మంచిది

వాస్తవం: గ్రాండ్ బ్యాంక్స్ 36 లాంటి ట్రాలర్లు ప్లేనింగ్‌కు రాకుండా నెమ్మదిగా నడిచే బోట్లు, వాటి లెక్కే వేరు. నీటిగీత పొడవు (నీటి మట్టం దగ్గర బోటు పొడవు) అడుగుల్లో తీసుకుని, దాని వర్గమూలాన్ని 1.34తో గుణిస్తే వేగపు హద్దు నాట్లలో వస్తుంది. 35 అడుగులకు 7.9. దాన్ని దాటాలంటే బలం విపరీతంగా కావాలి. పాత 120 హెచ్‌పీ ఫోర్డ్ లేమన్ డీజిల్ ఒక్కటి ఆ బోటుకు చాలు. గంటకు కాలే ప్రతి గ్యాలన్ డీజిల్ సుమారు 18 నుంచి 20 హెచ్‌పీ ఇస్తుంది. గంటకు రెండు గ్యాలన్లు కాలుతుంటే వాడుతున్నది 40 హెచ్‌పీయే. ఇక్కడా ఫుల్ థ్రాటిల్‌లో రేటెడ్ ఆర్‌పీఎం అందాలి. అందక నల్లపొగ కక్కుతుంటే ముందు ప్రొపెల్లర్ పెద్దదేమో, ఎయిర్ ఫిల్టర్ మూసుకుందేమో చూడండి. ఇంజెక్టర్ల ఖర్చు సంగతి ఆ తర్వాత.